పక్కింటి తోడు

పాలు తోడుపెట్టడానికి రెండు చుక్కల మజ్జిగ కావలసివస్తే మనం పాలకేంద్రానికి పరుగెత్తము, పక్కింటి తలుపు తడతాము. 2009లో విండోస్ 7, విండోస్ సర్వర్ 2008 ఆర్2లతో వచ్చిన బ్రాంచ్‌క్యాష్‌లోని వికేంద్రిత పద్ధతికి మూలసూత్రం ఇదే. (క్యాష్ అనగానే నగదు తలపుకు వస్తుంది గనుక నేను దానిని ‘నిలవ’ అంటాను. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెబితే సంతోషం.)

దూరాన ప్రధాన కార్యాలయంలో సర్వరు, మధ్యన సన్నని లైను, ఇవతల పది పన్నెండు కంప్యూటర్ల శాఖ. ఎవరైనా ఒక ఫైలు అడిగితే సర్వరు ముందుగా ఫైలును కాక దాని వేలిముద్రలను పంపుతుంది. మొదటి రూపంలో ఫైలును 64 కిలోబైట్ల ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు 32 బైట్ల ముద్ర కట్టేవారు. అంటే 10 మెగాబైట్ల ఫైలుకు ముద్రలన్నీ కలిపి సుమారు 5 కిలోబైట్లు. ఆ ముద్రలు పట్టుకొని కంప్యూటరు తన వీధిలో కేక వేస్తుంది: ఇవి ఎవరివద్దనైనా ఉన్నవా అని. ఉంటే పక్కవారినుంచి తీసుకొని ముద్రతో సరిచూసుకుంటుంది. లేకుంటే సర్వరునుంచే తెచ్చుకొని, తరువాత అడిగేవారికోసం తన డిస్కులో దాచి ఉంచుతుంది.

ఇందులో నాకు మిక్కిలి నచ్చినది అనుమతి విషయం. ముద్రలిచ్చే అధికారం సర్వరుదే. ఫైలు చూసే హక్కు లేనివారికి ముద్రలు రావు. పక్క యంత్రం ఇచ్చే ముక్కలకు వేసిన తాళం ఆ సమాచారంతోనే తెరుచుకుంటుంది గనుక, అది లేనివారి చేతికి ముక్క చిక్కినా చదవలేరు. అసలు ఫైలు మారితే ముద్రా మారుతుంది. పాచిపోయిన ప్రతిని అంటగట్టే ప్రమాదం లేదు. ఇంత పొందికైన ఏర్పాటును ఎగతాళి చేసేవారితో నేను ఏకీభవించను.

నా అభ్యంతరమల్లా ‘శాఖలో సర్వరు అక్కరలేదు’ అన్న ఒక్క మాటను పట్టుకొని మిగిలినవి మరచిపోయేవారిమీద. కేక సబ్‌నెట్టు దాటదు. మేడమీది గది వేరే సబ్‌నెట్టయితే అది పరాయి ఊరే. 50 మందికి లోపున్న శాఖలకే ఈ పద్ధతి తగునని తయారీదారులే చెప్పారు. అన్నిటికంటె పెద్ద చిక్కు, ఆపివేసిన యంత్రం పలకదు. పక్కింటికి తాళం వేసి ఉంటే తోడెక్కడిది?

నేను పనిచేసిన ఒక శాఖలో ఇదే జరిగింది. కరెంటు పొదుపుకోసం సాయంత్రం కంప్యూటర్లన్నీ ఆపాలని ఒక ఉత్తరువు. ఉదయం అందరికన్న ముందువచ్చే చిన్న గుమాస్తా ఏ ఫైలు తెరిచినా, అది తన డిస్కులో లేకపోతే, ఇరుగుపొరుగు నిద్రలో ఉన్నందున సన్నని లైనుమీదనే ఈడ్చుకోవాలి. ఆయన చేసే పనిలో సగం నెలవారీ లెక్కలు పైకి పంపడం. ఈ నిలవ తెచ్చుకునేందుకే గాని పంపేందుకు ఏ విధంగానూ తోడ్పడదు. అయినా కొత్త ఏర్పాటు వచ్చాక ఆలస్యానికి సాకులు చెల్లవని ప్రధాన కార్యాలయంనుంచి ఆయనకు సంజాయిషీ నోటీసు వచ్చింది.

బ్రాంచ్‌క్యాష్‌లోనే రెండో పద్ధతి ఉంది: శాఖలో ఒక సర్వరును ఉంచి, నిలవనంతా దానికి అప్పగించడం. అది రాత్రీపగలూ మేలుకొని ఉంటుంది, సబ్‌నెట్టు గోడలూ దానికి అడ్డుకావు. ఖర్చు ఉన్నమాట నిజమే. కాని ఆ ఖర్చును మిగుల్చుకున్నవారు ఒకరు, నోటీసు అందుకున్నవారు మరొకరు. సంజాయిషీలో ఈ సంగతులన్నీ నేనే రాసిపెట్టాను, ముద్రల లెక్కతో సహా. జవాబు రాలేదు. ఆ గుమాస్తా మాత్రం మరునాటినుంచి పదిగంటలకే రావడం మొదలుపెట్టారు.