సూది విరిగితే మిషను పారేస్తామా?

మన ఇళ్లలో కుట్టుమిషను తరతరాలు ఉండే వస్తువు. నానీమా కొన్న మిషను మీద మనుమరాలు కుడుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. సూది విరిగితే కొత్త సూది వేస్తాం. బెల్టు తెగితే మారుస్తాం. చప్పుడు చేస్తే నాలుగు చుక్కలు నూనె వేస్తాం. అంతేగాని మిషనునే బయట పారేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మరి అదే ఇంట్లో ఉన్న కంప్యూటరు విషయంలో మన బుద్ధి ఎందుకు మారిపోతోంది?

మాకు తెలిసిన ఒక దర్జీ కుటుంబంలో జరిగిన సంగతి ఇది. డిగ్రీ చదివే అమ్మాయి దగ్గర అన్న వాడి ఇచ్చిన పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉంది. "అబ్బా, ఇది ఆన్ కావడానికే పది నిమిషాలు పడుతోంది. పైగా దీనికి ఇక అప్‌డేట్లు రావట" అని ఆమె వాపోయింది. దుకాణంలో అడిగితే ఇది పాతబడింది, వాయిదాల మీద కొత్తది తీసుకోండి అన్నారు. ఆ తండ్రి ఫీజు కోసం దాచిన డబ్బు తీయబోయాడు. ఇంతలో మరమ్మతులు తెలిసిన మేనల్లుడు వచ్చి, "మామూ, ముందు విప్పి చూద్దాం" అన్నాడు. లోపలి హార్డ్‌డిస్క్ తీసి ఎస్.ఎస్.డి. బిగించాడు. ఫ్యానులోని దుమ్ము దులిపాడు. విండోస్ స్థానంలో లినక్స్ ఎక్కించాడు. ఇప్పుడది నిమిషంలోపే సిద్ధమవుతోంది. ఫీజు డబ్బు ఫీజుకే ఉంది.

ఇందులో మాయ ఏమీ లేదు. పాత హార్డ్‌డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది, ఒక ముల్లు దాని మీద సమాచారాన్ని వెతుకుతూ ఉంటుంది. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగాలే ఉండవు, కనుక వెతుకులాట క్షణాల్లో ముగుస్తుంది. చాలా పాత యంత్రాల మందకొడితనానికి అసలు కారణం ఈ డిస్కే. ఇక 4 జీబీ ర్యామ్ ఉన్నచోట 8 జీబీ చేస్తే ఒకేసారి నాలుగు పనులు చేసుకోవచ్చు. అయితే కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు. కొనే ముందు ఆ మాట అడిగి తెలుసుకోవాలి. దుమ్ము పేరుకుంటే యంత్రం వేడెక్కుతుంది. వేడెక్కితే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇవన్నీ సూది, బెల్టు, నూనె వంటి వ్యవహారాలే సుమా!

అప్‌డేట్లు రావన్న భయం మాత్రం పూర్తిగా నిరాధారం కాదు. విండోస్ 10కు ఉచిత భద్రతా మరమ్మతులను మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ఆపివేసింది. విండోస్ 11 కావాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు, ఇంకా ఆ సంస్థ ఆమోదించిన ప్రాసెసరు ఉండాలి. దాదాపు 2018కి ముందు వచ్చిన యంత్రాల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆగింది కంపెనీ సేవే గాని కంప్యూటరు కాదు. నిన్న ఉత్తరం టైపు చేసిన యంత్రం నేడూ చేస్తుంది. కాని కొత్తగా బయటపడే లోపాలను పూడ్చేవారు లేరు కనుక, అలాంటి యంత్రం మీద బ్యాంకు పనులు చేయడం తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే అవుతుంది. గృహ వినియోగదారులు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు అందిస్తామని సంస్థ 2025లో ప్రకటించింది. అది గడువే గాని పరిష్కారం కాదు.

పరిష్కారం లినక్స్. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ పనికి లోకమంతటి నుంచి నిపుణులు చేయి కలిపారు. లినక్స్ మింట్, ఉబుంటు వంటి రూపాల్లో అది ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్నెట్, ఉత్తరాలు, లెక్కల పట్టికలు, వీడియో పాఠాలు, తెలుగు ఉర్దూ టైపింగు అన్నీ అందులో సాగుతాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఎన్నో ఏళ్లుగా దీనిమీదే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ దీన్ని తెలుగులోకి తెచ్చేందుకు శ్రమించింది. మరి మన పిల్లలకు అది అందని ద్రాక్ష ఎందుకు కావాలి?

పారేసిన యంత్రం ఎక్కడికి పోతుందో కూడా ఆలోచించాలి. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది. పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది అందులో నాలుగో వంతు కూడా లేదు. మిగిలిన దానిలో కొంత ఢిల్లీలోని సీలంపూర్ వంటి పేదల బస్తీలకు చేరుతుంది. అక్కడ రాగి కోసం తీగలు కాల్చి, బోర్డులను ఆమ్లంలో ముంచి పొట్టపోసుకునేవారు సీసం విషాన్ని, ఆ పొగను పీలుస్తున్నారు. మన ఆడంబరానికి వారు ఊపిరి చెల్లించాలా?

కొత్తది ఎన్నడూ కొనవద్దని మేము అనడం లేదు. టాలీ వంటి సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద నేరుగా నడవదు. ఉద్యోగానికో చదువుకో అలాంటిది తప్పనిసరైతే, లేక బోర్డే కాలిపోతే కొనవలసిందే. మా మనవి ఒక్కటే. జేబులో చేయి పెట్టే ముందు జబ్బు ఏమిటో తెలుసుకోండి. నమ్మకమైన మెకానిక్‌తో విప్పించి చూడండి. ఫోటోలు, కాగితాలు ముందే వేరే చోట భద్రపరచుకోండి. నిజంగా అవసరం తీరిపోతే, మీ వివరాలన్నీ చెరిపివేసి, చదువుకునే మరో పేద బిడ్డకు ఇవ్వండి. ఎవరికీ పనికిరాని స్థితి వస్తే పాత సామాన్ల బండికి కాక, అనుమతి ఉన్న రీసైక్లింగు కేంద్రానికి అప్పగించండి.

పొరుగింటి బల్ల మీద మెరిసే యంత్రాన్ని చూసి మన బల్ల మీది దాన్ని చిన్నచూపు చూడనక్కర లేదు. అమ్మాయి చదువు యంత్రం వయసు మీద ఆధారపడదు. ఆ యంత్రం ముందు ఆమె కూర్చున్న గంటల మీద ఆధారపడుతుంది. నానీమా మిషనుకు చూపిన ఓర్పే దీనికీ చూపుదాం.