జపానీ భాషాధ్యయనం : మాతృభాష చూపే మార్గం

మన కళాశాల విద్యార్థులలో జపాను దేశానికి ఉద్యోగార్థమై వెళ్ళాలనే ఆకాంక్ష నానాటికీ పెరుగుతున్నది. ఇది గాలిలో మేడ కాదు. 2019లో ఆ దేశం నిర్దిష్ట నైపుణ్యం గల కార్మికుల కోసం కొత్త వీసా పద్ధతిని ప్రవేశపెట్టింది. 2021 జనవరిలో మన ప్రభుత్వం ఆ విషయమై జపానుతో ఒప్పందం కుదుర్చుకొన్నది. వృద్ధుల పరిచర్య, వ్యవసాయం, భవన నిర్మాణం మొదలైన రంగాలలో ఈ మార్గాన వెళ్ళదలచినవారు వృత్తి పరీక్షతో పాటు భాషా పరీక్షలోనూ నెగ్గాలి. సాధారణంగా జె.ఎల్.పి.టి. అనే పరీక్షలో ఎన్4 మెట్టు గాని, 2019లోనే ఆరంభమైన జె.ఎఫ్.టి. బేసిక్ పరీక్ష గాని ఇందుకు సరిపోతుంది. పరిచర్య వృత్తికి మాత్రం అదనంగా మరొక భాషా పరీక్ష ఉన్నది.

తలుపు తెరిచే ఉన్నది. కాని తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివి వచ్చిన విద్యార్థి ఆ గడప దగ్గరే ఆగిపోతున్నాడు. "ఇంగ్లీషే అంతంతమాత్రం, ఇక జపానీ ఎక్కడ అబ్బుతుంది?" అన్నది అతని దిగులు. జపానీ నేర్పే పుస్తకాలు, యాప్‌లు అధికభాగం ఇంగ్లీషులో ఉండటం వల్ల, ఆ భాషకు దారి ఇంగ్లీషు గుండానే పోతుందన్న అపోహ బలపడింది. ఈ అపోహ తొలగితే తప్ప, ఏ పుస్తకం కొనాలి, ఏ సాధనం వాడాలి అన్న ప్రశ్నకు సరియైన జవాబు దొరకదని నా దృఢాభిప్రాయం.

తెలుగు అధ్యాపకుడికి జపానీతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. పని ఉన్నది. అమెరికా ప్రభుత్వపు విదేశీ సేవా సంస్థ, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు జపానీలో ప్రావీణ్యం పొందటానికి సుమారు 2200 తరగతి గంటలు పడుతుందని లెక్కగట్టింది. ఆ లెక్క చూసి మనవారు బెదరిపోతారు. అది ఇంగ్లీషు మాట్లాడేవారి లెక్క అన్న సంగతి మరువరాదు. వాక్యనిర్మాణంలో వారు తలక్రిందులుగా ఆలోచించవలసిన చోట, మనం నిటారుగా నడిచిపోవచ్చు.

ఉదాహరణలు చూడండి. "కినో యొంద హొన్" అంటే "నిన్న చదివిన పుస్తకం". మాటకు మాట, అదే వరుస. "హైదరాబాదు కర తోక్యో మదె" అంటే "హైదరాబాదు నుండి టోక్యో వరకు". మన విభక్తి ప్రత్యయాల వలెనే 'కర', 'మదె' నామం వెనుకనే వస్తాయి. ఉర్దూలోని 'సే', 'తక్' కూడా అంతే కదా! "కురు తొ ఇత్త" అంటే "వస్తానని అన్నాడు". మన 'అని' చేసే పనిని వారి 'తొ' చేస్తున్నది. గ్రాంథికమైన ఉర్దూలో 'కి' ముందు వచ్చి, చెప్పిన మాట తరువాత వస్తుంది. కాని మన ఇళ్ళలో పలికే దక్కనీలో "ఆతుఁ బోల్‌కే బోలా" అంటాము. ఆ 'బోల్‌కే' తెలుగు 'అని'కి నీడ. నలుగురూ నవ్వే ఆ దక్కనీ వాక్యమే జపానీ వాక్యానికి సరియైన అచ్చు!

ఇంతమాత్రాన ఈ భాషలకు చుట్టరికం ఉన్నదని భ్రమించరాదు. జపాను పండితుడు ఓనో సుసుము తమిళానికీ జపానీకీ సంబంధం ఉన్నదని వాదించినా, భాషాశాస్త్రవేత్తలు అధికసంఖ్యలో దానిని అంగీకరించలేదు. భేదాలూ ఉన్నవి. మన క్రియ 'వెళ్తాను, వెళ్తాడు, వెళ్తారు' అని కర్తను తెలుపుతుంది; జపానీలో అన్నింటికీ 'ఇకిమసు' ఒక్కటే. పోలిక చుట్టరికం కాదు. కాని నేర్చుకొనేవాడికి అది చేతికర్ర.

ఉచ్చారణ విషయమూ అంతే. జపానీలో 'ఒబసన్' అంటే పిన్ని లేక అత్త. 'ఒబాసన్' అంటే అవ్వ. 'కితె' అంటే వచ్చి. 'కిత్తె' అంటే కోసి. హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ అర్థాన్నే మార్చివేస్తాయి. 'వడ'కూ 'వాడ'కూ, 'గది'కీ 'గద్ది'కీ భేదం పాటించే మనకు ఇది కొత్త కాదు. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొన్నవాడు ఈ భేదాన్ని తరచుగా పోగొట్టుకొంటాడు. తెలుగు లిపిలో వ్రాసుకొన్నవాడికి అది కంటి ముందే ఉంటుంది.

ఇక లిపి. హిరగన, కతకన అనే రెండు అక్షరమాలలలో మూలాక్షరాలు నలభై ఆరేసి. వాటి వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ. పిమ్మట క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్లున్నది కదా! బౌద్ధ భిక్షువులు సంస్కృత వర్ణమాలను అధ్యయనం చేసిన ఫలితమే ఈ క్రమం. మూడవది చీనా నుండి వచ్చిన కంజి. 2010లో సవరించిన నిత్యవ్యవహారపు పట్టికలో ఇవి 2136 ఉన్నాయి. ఇక్కడ ఏ భాషవాడికైనా కష్టం తప్పదు. అయితే ఒకే అక్షరానికి రెండు పలుకుబడులుండటం చూసి ఇతరులు విసుగుకొనే చోట మనకు ఉపమానం సిద్ధంగా ఉన్నది. నీటిని తెలిపే కంజి విడిగా ఉన్నప్పుడు 'మిజు'. సమాసంలో సాధారణంగా 'సుయి'. మనమూ విడిగా 'నీరు' అని, సమాసంలో 'జలమార్గం' అని అంటాము. ఉర్దూ విద్యార్థికి మరొక ఉపమానం: 'సదా' స్వాద్‌తో వ్రాస్తే పిలుపు, సీన్‌తో వ్రాస్తే ఎల్లప్పుడూ. అదేవిధంగా 'కమి' అన్న మాట ఒక కంజితో వ్రాస్తే కాగితం, మరొక కంజితో వ్రాస్తే తలవెంట్రుకలు.

ఈ దృష్టితో పుస్తకాలను పరిశీలిద్దాం. మొదట చెప్పదగినది 'మిన్నా నో నిహొంగో'. 1998లో వెలువడి, 2012 నుండి రెండవ కూర్పుగా వచ్చిన ఈ గ్రంథపు ప్రారంభస్థాయిలో రెండు భాగాలు, యాభై పాఠాలు. మూలగ్రంథం సంపూర్ణంగా జపానీలోనే ఉంటుంది. అనువాదమూ వ్యాకరణ వివరణమూ వేరే సంపుటం. కొందరు దీనిని లోపమంటారు. మనకు మాత్రం అదే వరం. మూలంలో ఇంగ్లీషు లేదు కనుక, వివరణను తెలుగులోనో ఉర్దూలోనో మనమే కూర్చుకోవచ్చు. గురువు దగ్గర చదివేవారికి ఇది ఉత్తమం. ఇంగ్లీషు బాగా వచ్చి, ఒంటరిగా చదువుకొనేవారికి 'గెంకి' మేలు. 1999లో వచ్చిన ఈ పుస్తకం మూడవ కూర్పు 2020లో వెలువడింది. సందేహం కలిగినప్పుడు తెరవవలసినది మకినో, త్సుత్సుయి రచించిన ప్రాథమిక జపానీ వ్యాకరణ నిఘంటువు. 1986 నాటిదైనా దాని విలువ తగ్గలేదు. కంజికి 'బేసిక్ కంజి బుక్' రెండు సంపుటాలు చాలు. ఐదు వందల అక్షరాలు వస్తాయి. హైసిగ్ పద్ధతికి ప్రచారం ఎక్కువ. అయితే అది ప్రతి అక్షరాన్నీ ఒక ఇంగ్లీషు మాటకు కట్టివేస్తుంది. మనకు అది రెట్టింపు బరువు.

ఉద్యోగార్థులకు అన్నింటికన్న ఉపయుక్తమైనది 'ఇరొదొరి'. జపాన్ ఫౌండేషన్ 2020లో వెలువరించిన ఈ మూడు భాగాల గ్రంథం అంతర్జాలంలో ఉచితం, శబ్దపాఠాలూ ఉచితమే. దుకాణంలో, ఆసుపత్రిలో, పనిచేసే చోట ఎట్లా మాట్లాడాలో ఇది నేర్పుతుంది. జపాను జాతీయ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. హిందీ, బెంగాలీలతో పాటు ఉర్దూలో కూడా సులభ జపానీ పాఠాలను రూపొందించింది. ఇంగ్లీషు లేని దారి ఉన్నదనటానికి ఇంతకన్న నిదర్శనం కావాలా?

సాధనాలలో రెండింటిని నిస్సంకోచంగా చెప్పగలను. మొదటిది 'జిషో' అనే ఉచిత నిఘంటువు. ఆస్ట్రేలియాలో జిమ్ బ్రీన్ 1991లో ఆరంభించిన పదసేకరణ దీనికి మూలాధారం. రెండవది 'ఆంకి'. ఈ జపానీ మాటకు కంఠస్థం చేయటమని అర్థం. మరచిపోయే సమయానికి మాటను మళ్ళీ ముందుకు తెచ్చి చూపటం దీని పద్ధతి. కంప్యూటరులోను, ఆండ్రాయిడ్ ఫోనులోను ఉచితంగా పనిచేస్తుంది. ఇతరులు తయారుచేసిన చీట్లను దించుకోవద్దు. తెలుగులోనో ఉర్దూలోనో అర్థం వ్రాసి మీ చీట్లు మీరే చేసుకోండి. వ్రాసేటప్పుడే సగం నేర్చుకొంటారు.

ఆటవలె సాగే యాప్‌లు అక్షరాభ్యాసానికి పనికివస్తాయి. కాని వరుసగా ఎన్ని రోజులు ఆడామో చూపే అంకెను విద్య అనుకోరాదు. అనువాద యంత్రాలతో మరొక చిక్కు. 'ఇకిమసు' అన్నప్పుడు వెళ్ళేది నేనో, మీరో, ఆయనో సందర్భం తెలియని యంత్రం ఊహించవలసినదే. నేర్చినవాడికి యంత్రం సహాయకుడు. నేర్వనివాడికి అది దుబాసీ అయినా, వాడిచ్చిన మాట నిజమో కాదో తేల్చుకొనే దారి ఉండదు.

పరీక్షను గూర్చి ఒక హెచ్చరిక. జె.ఎల్.పి.టి.లో మాట్లాడే పరీక్ష గాని, వ్రాసే పరీక్ష గాని లేదు. 2010లో పరీక్షను ఐదు మెట్లుగా మార్చినప్పటి నుండి నిర్వాహకులు పదాల పట్టికను ప్రకటించటం లేదు. కనుక "అధికారిక పట్టిక" అని ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు. పరీక్ష నెగ్గి, నోరు మెదపలేక పరదేశంలో నిలబడినవాడి దుస్థితి ఊహించండి. వృద్ధురాలికి మందు ఇచ్చేవాడికి మాట అర్థం కాకపోతే ఆ నష్టం అతనొక్కడిది కాదు. ఎన్ని రోజులలో నేర్పుతామన్న ప్రకటన చూసి రుసుము కట్టే ముందు, ఆ సంస్థ ఏ పుస్తకం చెబుతుంది, వారానికి ఎన్ని గంటలు మాట్లాడిస్తుంది అని అడగండి.

చివరిగా కళాశాల కమిటీ వారికి సవినయంగా ఒక మనవి. ఖరీదైన సాఫ్ట్‌వేరు అవసరం లేదు. గ్రంథాలయంలో ఒక అల్మారా అర చాలు. పైన పేర్కొన్న పుస్తకాలు రెండేసి ప్రతులు, ఇరొదొరి పాఠాలు దించిన ఒక కంప్యూటరు, నాలుగు ఇయర్‌ఫోన్లు, గోడకు అక్షరమాల పటం. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జపానీ బోధన ఉన్నది. అక్కడి నుండి అప్పుడప్పుడు ఒక ఉపాధ్యాయుణ్ణి ఆహ్వానించవచ్చు. విద్యార్థుల పని ఒకటున్నది. మిన్నా నో నిహొంగో పాఠాలకు ఏడాదికి ఇరవై ఐదు చొప్పున తెలుగులో ఒక బృందం, ఉర్దూలో మరొక బృందం వివరణ వ్రాయాలి. ఉపాధ్యాయుడు దిద్దాలి. రెండేళ్ళలో యాభై పాఠాలకూ రెండు భాషలలో వ్యాఖ్యానం సిద్ధమవుతుంది. మొదటి ఐదు పాఠాలను వచ్చే సంచికలోనే అచ్చువేయవచ్చు.

విద్యార్థి మిత్రులారా! రెండు లిపుల నడుమ పెరిగినవారికి మూడవ లిపి భయం ఉండరాదు. నాలుగు రూకలు పెట్టి ఒక గళ్ళ నోటుపుస్తకం కొనండి. ఈ రాత్రికి అ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదు అక్షరాలు వ్రాయండి. వాటి పక్కన ఇంగ్లీషు అక్షరం వ్రాయకండి. మీ అమ్మ నేర్పిన భాషలోని అక్షరం వ్రాయండి.