ఎనిమిది చుక్కల జెండా

అమెరికా సంయుక్త రాష్ట్రాలన్నిటిలోకీ పెద్దది అలాస్కా. 1867లో అమెరికా ఈ చలిదేశాన్ని రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్నది. "మంచుగడ్డలకు ఇంత డబ్బా?" అని కొందరు ఎగతాళి చేశారు.

చాలాకాలం అలాస్కాకు రాష్ట్ర హోదా లేదు, సొంత జెండా కూడా లేదు. 1927లో, జెండాకు తగిన బొమ్మ కోసం అక్కడి బడిపిల్లలకు పోటీ పెట్టారు. గెలిచినవాడు ఏడవ తరగతి చదివే బెన్నీ బెన్సన్. పసితనంలోనే తల్లి పోయింది. అనాథాశ్రమంలో పెరుగుతున్నాడు.

అతడు గీసింది ఏమిటో తెలుసా? నీలిరంగు మీద ఎనిమిది బంగారు చుక్కలు. అంతే! నీలం అలాస్కా ఆకాశానికీ, 'నన్ను మరువకు' అని అర్థం వచ్చే పేరుగల అక్కడి చిన్ని పువ్వుకూ గుర్తు. ఏడు చుక్కలు బలానికి గుర్తయిన పెద్ద ఎలుగుబంటివి. మనం వాటినే సప్తర్షులంటాం. ఎనిమిదవది ధ్రువ నక్షత్రం. "ఉత్తరాన వెలియబోయే అలాస్కా రాష్ట్రానికి ఇది గుర్తు" అనే భావం వచ్చేట్టు బెన్నీ బొమ్మ కింద రాశాడు.

రాష్ట్రం ఏర్పడింది 1959 జనవరి 3న. అంటే 32 ఏళ్లకు ఆ పిల్లవాడి మాట నిజమైంది! దాన్ని చూడటానికి బెన్నీ బ్రతికే వున్నాడు. జెండా కూడా మారలేదు.

వేసవిలో రాత్రి భోజనాలయ్యాక ఉత్తరంవైపు చూడండి. సప్తర్షులలో మొదటి రెండు చుక్కలను కలుపుతూ గీత పొడిగిస్తే ధ్రువుడు కనిపిస్తాడు. బెన్నీ చూసిన చుక్క అదే.