కాటేజీ అడవి పని ఎలా అవుతుంది?

అడవిలో పర్యాటకుల కోసం కాటేజీ కడితే అది అడవి పనే. అదే అడవిలో కోయ రైతు నాగలి కడితే అది ఆక్రమణ. ఎవరో నాయకుడు నోరుజారి అన్న మాట కాదిది, పార్లమెంటు చేసిన చట్టం. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న అటవీ సంరక్షణ సవరణ చట్టం ‘ఎకో టూరిజం సౌకర్యాల’ను అటవీయేతర కార్యకలాపాల లెక్కలోంచి తీసేసింది. ఆ చట్టం అండ ఉండగానే తెలంగాణ ప్రభుత్వం 2025-30 పర్యాటక విధానంలో ఎకో టూరిజాన్ని పెట్టుబడుల పట్టికలోకి ఎక్కించింది. అయిదేళ్లలో 15 వేల కోట్ల రూపాయలు రాబట్టాలన్నది ఆ విధానం పెట్టుకున్న లక్ష్యం. ఈ రెండూ కలిసి నడిస్తే మన వైపు మొదట దెబ్బతినేది మహదేవ్‌పూర్ నుంచి తాడ్వాయి మీదుగా కొత్తగూడ, గంగారం, పాకాల దాకా సాగే అడవి. అందుకే ఈ పత్రిక ఈ విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడదలచింది.

పర్యాటకం వస్తే ఉపాధి వస్తుందనే వాదన ఉంది; కొంత వస్తుంది, కాదనం. పులిని చూడటానికి మనవాళ్లు తడోబా దాకా ఎందుకు పోవాలని అడుగుతున్నారు, న్యాయమైన ప్రశ్నే. బొగ్గు ఓపెన్‌కాస్టులు చేసిన నష్టం ముందు నాలుగు కాటేజీలు ఎంత అంటున్నారు. భూపాలపల్లి వాసులకు ఆ నష్టం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ మూడింటిలో ఏదీ మమ్మల్ని ఇంత కలవరపెట్టలేదు. కలవరపెట్టింది, కోపం తెప్పించింది ఒక్కటే. రిసార్టు కట్టడం అడవిని కాపాడే పనుల్లో ఒకటని చట్టం చేత అనిపించడం.

అటవీ భూమిని అటవీయేతర పనికి వాడాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి అని 1980 నాటి చట్టం చెప్పింది. తేయాకు, కాఫీ, రబ్బరు వేసినా, పండ్ల తోట పెట్టినా, చివరికి ఔషధ మొక్కలు పెంచినా అది అటవీయేతర పనే. సవరణ తర్వాత కూడా ఆ కట్టడి అలాగే ఉంది. మినహాయింపుల జాబితాలో మాత్రం చెక్‌పోస్టులు, ఫైర్‌లైన్లు, కంచెలు, చెక్‌డ్యాములు, జంతువుల నీటిగుంటల సరసన కొత్తవి వచ్చి కూర్చున్నాయి. ప్రభుత్వ జూలు, సఫారీలు ఒకటి. ఎకో టూరిజం సౌకర్యాలు మరొకటి. జూలు, సఫారీలకైనా రక్షిత ప్రాంతాల బయటే పెట్టాలన్న హద్దు గీశారు. ఎకో టూరిజానికి ఆ హద్దు కూడా లేదు. అటవీ శాఖ తాను రాసుకునే వర్కింగ్ ప్లాన్‌లోనో, అభయారణ్యం నిర్వహణ ప్రణాళికలోనో ఒక పద్దుగా ఉంటే సరిపోతుంది.

ఎండాకాలంలో జంతువు దాహం తీర్చే నీటిగుంట, సెలవుల్లో వచ్చిన వారికి ఏసీ గది ఒకే కోవలోకి ఎలా వస్తాయి? నీటిగుంట తవ్వి ఫారెస్టు సిబ్బంది వెళ్లిపోతారు. రాత్రి అక్కడ మనిషి ఉండడు, దీపం ఉండదు. కాటేజీ సంగతి అలా కాదు. దానికి కరెంటు లైను కావాలి, బోరు కావాలి, సరుకుల బండి వచ్చే రోడ్డు కావాలి, వాహనాలు నిలిపే చదును కావాలి, చెత్త పోసే గుంత కావాలి. మొదటి ఏడు రెండు గదులు, మరుసటి ఏడు పెళ్లి రోజులు జరుపుకునే లాను, ఆ పైన మైకు. వీటిలో ఏది అడవి పని? ఎకో టూరిజానికి మార్గదర్శకాలు ఉన్నాయి కదా అంటారు. మార్గదర్శకం చట్టం కాదు. అతిక్రమించిన వాడు జైలుకు పోడు.

ఇంతకన్నా పెద్ద మోసం లోపల ఉంది. ‘అటవీయేతర’ అన్న ముద్ర పడినప్పుడే అటవీ భూమి మళ్లింపు అనే ప్రక్రియ మొదలవుతుంది. ప్రత్యామ్నాయ వనీకరణ, పరిహారం, 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ సమ్మతి అన్నీ ఆ ప్రక్రియలోనే ఉన్నాయి. ఆ ముద్రే తీసేస్తే గ్రామసభను అడిగే సందర్భమే రాదు. గూడెం పక్కన ఏం కడుతున్నారో గూడేనికి పునాదులు తవ్వే జేసీబీ వచ్చాకే తెలుస్తుంది. అభయారణ్యంలో వాణిజ్య వసతి గృహాలకు జాతీయ వన్యప్రాణి మండలి అనుమతి ఉండాలన్న నిబంధన ఇంకా బతికే ఉంది, నిజమే. కానీ అభయారణ్యం గీత దాటిన రిజర్వు ఫారెస్టుకు ఆపాటి కాపలా కూడా లేదు. మహదేవ్‌పూర్ వైపు అడవిలో ఎక్కువ భాగం ఆ గీత బయటిదే.

ఆ అడవికి ఉన్న విలువేమిటో చూడండి. ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి పులుల అభయారణ్యం, మహారాష్ట్ర అడవుల నుంచి పులి మన వైపు రావాలంటే గోదావరి దాటాలి. నీరు తగ్గాక ఇసుక మేటల మీదుగా దాటి ఈ అడవుల్లో అడుగుపెడుతుంది. కొన్నేళ్లుగా వానకాలం వెళ్లాక ఏదో ఒక మండలంలో అడుగుజాడల కబురు వినిపిస్తూనే ఉంది. వచ్చిన పులి నిలవడం లేదు. నడుస్తూనే ఉంటుంది, చీకట్లో నడుస్తుంది, చెట్ల నీడ తెగని చోట నడుస్తుంది. ఏటూరునాగారం అభయారణ్యం సుమారు 800 చదరపు కిలోమీటర్లు, పాకాల 860. రెండూ 1950ల తొలినాళ్లలో ప్రకటించినవే. ఈ రెండింటినీ గోదావరితో కలిపే పట్టీ సన్నగా ఉంది, ఇప్పటికే రోడ్లతో, పొలాలతో తెగి ఉంది. అక్కడ రాత్రంతా వెలిగే ఒక్క ప్రాంగణం వెలిసినా పులి పక్కకు తప్పుకుంటుంది. పక్కన ఉండేది పశువుల కొట్టం, పత్తి చేను. ఆ తర్వాత ఏం జరుగుతుందో కొత్తగూడ, గంగారం మండలాల రైతులకు తెలుసు: ఆవు పోతుంది, పరిహారం కోసం తిరుగుడు మొదలవుతుంది, ఊళ్లో భయం పెరుగుతుంది.

పులి కబురు రాగానే ఊళ్లో చాటింపు వేస్తారు. వంటచెరకుకు పోవద్దు, పశువులను లోపలికి తోలవద్దు, ఒంటరిగా అడవికి వెళ్లవద్దు అంటారు. ఆ జాగ్రత్త మంచిదే. తునికాకు, ఇప్పపువ్వు మీద బతికే ఇల్లు ఆ రోజుల కూలి వదులుకుని ఆ మాట వింటుంది. పులి కోసం ఆకు తెంపే చేతిని ఆపగలిగిన ప్రభుత్వం, అదే పులి దారిలో బస ఏర్పాట్లను సంరక్షణ అంటే ఆ ఇంటి వారు ఎలా నమ్మాలి?

సఫారీ కూడా అటవీ కార్యమే అన్న వాదన ఎక్కడికి దారితీసిందో తెలుసుకోవడానికి ఉత్తరాఖండ్ చాలు. కార్బెట్ పులుల అభయారణ్యంలో పాఖ్రో సఫారీ కోసం 163 చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకున్నారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క తీస్తే నేలకూలినవి 6 వేలకు పైనే అని తేలింది. 2024 మార్చి 6న సుప్రీంకోర్టు ఆ వ్యవహారం మీద తీర్పు చెబుతూ, రాజకీయ నాయకుడు, అటవీ అధికారి చేయి కలిపితే అడవికి ఏ గతి పడుతుందో దేశం ముందు పెట్టింది. అంతకు పక్షం రోజుల ముందే, ఫిబ్రవరి 19న, ఇదే సవరణ చట్టం మీద విచారణలో, అటవీ భూముల్లో జూ గానీ సఫారీ గానీ పెట్టాలంటే తన ముందస్తు అనుమతి ఉండాలని ఆదేశించింది. 2025 నవంబరులో కార్బెట్ కేసులోనే, పులుల ఆవాసపు కోర్ ప్రాంతంలో సఫారీలు వద్దని తేల్చేసింది. అటవీ కార్యమే అని చట్టం చెప్పిన దానికి దేశ అత్యున్నత న్యాయస్థానం పదేపదే కళ్లెం వేయాల్సి వస్తోందంటే ఆ నిర్వచనం ఎంత బూటకమో వేరే చెప్పాలా?

టికెట్టు డబ్బుతో అడవికి కాపలా పెరుగుతుందని మరో మాట చెబుతున్నారు. మన అడవిలో జంతువును చంపుతున్నది టికెట్ల కొరత కాదు, కరెంటు తీగ. పొలం మోటారుకు వచ్చే లైనుకు కొక్కెం తగిలిస్తారు. సన్నని తీగను మోకాలి ఎత్తు కర్రలకు కట్టుకుంటూ అడవి పందులు, దుప్పులు నీళ్లకు దిగే బాట వెంట లాగుతారు. తెల్లారకముందే తీసేస్తారు. ఆ తీగకు పంది, పులి, మనిషి అన్న తేడా లేదు. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో అలాంటి తీగ తగిలే గ్రేహౌండ్స్ కమాండో ఒకరు ప్రాణం కోల్పోయారు. ఆయుధం పట్టి శిక్షణ పొందిన బృందంలోని మనిషికే దిక్కు లేకపోతే ఎలుగుబంటికి, అడవి దున్నకు దిక్కేది? దీనికి మందు రాత్రి గస్తీ తిరిగే బీట్ అధికారులు, వారికి బండి, పెట్రోలు, లైను మీద లోడు పసిగట్టి కబురు చెప్పే విద్యుత్ సిబ్బంది. వీటిలో ఒక్కటైనా రిసార్టు కట్టిన వాడు ఇవ్వడు. అడవి కాపలా ఖర్చు ప్రభుత్వ బడ్జెట్లో ఉండాల్సిన పద్దు. దాన్ని పర్యాటకుడి జేబుకు ముడిపెట్టడం బాధ్యత నుంచి తప్పుకోవడమే.

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలి బీభత్సానికి వందల ఎకరాల్లో యాభై వేలకు పైగా చెట్లు కూకటివేళ్లతో లేచిపడ్డాయి. నల్లమద్ది, తునికి, నారేప అని చూడకుండా మహావృక్షాలన్నీ ఒకే పూట పడిపోయిన అభయారణ్యమది. అలాంటి అడవికి కొన్నేళ్లపాటు కావాల్సింది విశ్రాంతి, విత్తనం, అగ్గి నుంచి రక్షణ; కొత్త కాటేజీలు కాదు.

ఇక న్యాయం మాట. 2017 సెప్టెంబరులో, అప్పటి భూపాలపల్లి జిల్లా తాడ్వాయి మండలం జలగలంచలో గొత్తికోయల గుడిసెలను అటవీ సిబ్బంది కూల్చేశారు. మహిళలను చెట్లకు కట్టారన్న ఆరోపణలు రాష్ట్రమంతా విన్నది. అభయారణ్యంలో నివాసాలు కుదరవన్నదే అప్పుడు చెప్పిన కారణం. అదే మండలంలో పర్యాటకులు రాత్రి బస చేయడానికి ‘తాడ్వాయి హట్స్’ ఉన్నాయి. గూడూరు, బయ్యారం, కొత్తగూడ మండలాల్లో పోడు సాళ్ల మధ్య ఫారెస్టు కందకాలు తవ్విన ప్రతిసారీ గొడవలే. 2023 జూన్‌లో రాష్ట్రవ్యాప్తంగా నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. దరఖాస్తు తిరస్కరించారని, హద్దు తప్పు రాశారని తిరుగుతున్న వారు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. తాతల నాటి నుంచి అక్కడే ఉన్నానని రుజువు చేసుకోవడానికి ఒక గిరిజనుడికి ఇన్ని ఏళ్లు పడుతుంటే, నిన్న వచ్చిన కాటేజీకి ఒక ప్రణాళికలో ఒక పంక్తి సరిపోవడం మాకు మింగుడుపడటం లేదు.

పైగా కొత్తగూడ, గంగారం, గూడూరు, తాడ్వాయి అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతాలు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం పేరిట పెట్టుబడిదారులను ఆహ్వానిస్తున్న వారికి ఈ తీర్పు తెలియక కాదు.

అడవికి మనుషులు రావద్దని ఈ పత్రిక అనడం లేదు. జనగామలో చెప్పుకోదగ్గ అడవి లేదు. ఆదివారం పిల్లలను తీసుకుని 163వ జాతీయ రహదారి మీద ములుగు వైపు వెళ్లే జనగామ కుటుంబానికి పచ్చదనం చూసే హక్కు ఉంది. రేగొండ మండలం పాండవుల గుట్టల్లో ఆదిమానవులు గీసిన రంగుబొమ్మలను మన పిల్లలు చూడాలి. అక్కడ అటవీ శాఖ నడిపిన రాక్ క్లైంబింగ్ మాకు నచ్చిన ఏర్పాటే: తాడు, హెల్మెట్, వెంట ఒక శిక్షకుడు, పొద్దుగూకేలోపు తిరుగు ప్రయాణం. సీతానగరం దగ్గరి భీముని పాదం జలపాతాన్ని నడిచి వెళ్లి చూసి రావచ్చు. పగలు రావడం, కాలినడకన తిరగడం, ఊరి మనిషిని వెంట తీసుకోవడం, ఏమీ కట్టకపోవడం. ఈ తరహా పర్యాటకానికి చట్టం మార్చాల్సిన అవసరమే లేదు. ఊరి మనిషి వెంట ఉండటం ఎందుకంత ముఖ్యమో 2023 జూలై 26 చెప్పింది. వెంకటాపురం మండలం ముత్యంధార జలపాతానికి వెళ్లిన 80 మందికి పైగా సందర్శకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే, ఎన్డీఆర్ఎఫ్ బృందాలు రాత్రంతా శ్రమించి బయటికి తెచ్చాయి. ఏ వాగు ఎంత వానకు ఎన్ని గంటల్లో పొంగుతుందో గూడెం వారికి తెలుసు. వారికి గైడు ఉద్యోగం ఇవ్వండి, జీతం ఇవ్వండి, రోజుకు ఎంతమందిని పంపాలో నిర్ణయించే అధికారం గ్రామసభకు ఇవ్వండి. ఉపాధి అంటే అది. రిసార్టులో గిన్నెలు కడిగే పని చూపించి ఉపాధి అనడం గిరిజన యువతను చిన్నచూపు చూడటమే.

ప్రభుత్వం వెంటనే చేయాల్సినవి ఉన్నాయి. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల నిర్వహణ ప్రణాళికల్లో, భూపాలపల్లి, మహబూబాబాద్ అటవీ డివిజన్ల వర్కింగ్ ప్లాన్లలో ఎకో టూరిజం పేరిట ఏమేం రాశారో తెలుగులో అచ్చువేసి పంచాయతీ కార్యాలయాల్లో పెట్టాలి. గోదావరి నుంచి పాకాల దాకా పులి దారిని గుర్తించి, అక్కడ రాత్రి బసకు అనుమతి లేదని ఉత్తర్వు ఇవ్వాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పెసా చట్టం ప్రకారం గ్రామసభలు పెట్టి, తీర్మానం లేనిదే టెండరు పిలవబోమని అసెంబ్లీలో ప్రకటించాలి. మహబూబాబాద్, డోర్నకల్, ములుగు మూడూ గిరిజనులకు రిజర్వు చేసిన స్థానాలు. ఆ ప్రకటన వచ్చే దాకా సభలో అడుగుతూనే ఉండాల్సిన బాధ్యత ఆ ముగ్గురు శాసనసభ్యులదే.