మెహర్ నగలో బంగారమెంత?

ముస్లిం కుటుంబాలలో నగ కేవలం అలంకరణ వస్తువు కాదు. అది నికాహ్ నాడు వధువుకు చెల్లించే మెహర్ కావచ్చు. ఏటేటా జకాత్ లెక్క కట్టవలసిన సంపద కావచ్చు. ఇంటి పెద్ద మరణానంతరం వారసులు పంచుకోవలసిన ఆస్తి కావచ్చు. ఈ మూడు సందర్భాలలోనూ నగలో అసలు బంగారం ఎంత ఉందో తెలిసి తీరాలి. కనుక బంగారం వన్నె కట్టడం వ్యాపారుల సొంత వ్యవహారమని ఊరుకోవడానికి వీల్లేదు.

మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) 2000లో బంగారు నగలకు హాల్‌మార్క్ ముద్ర ప్రారంభించింది. రెండు దశాబ్దాలపాటు అది వ్యాపారి ఇష్టానికే వదిలివేయబడింది. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాలలో తప్పనిసరి అయింది; తర్వాత విడతలవారీగా మరికొన్ని జిల్లాలకు విస్తరించింది. నగపై బి.ఐ.ఎస్. గుర్తు, 22 కేరట్లయితే '22కె916' అనే వన్నె గుర్తు, అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల సంఖ్య ఉండాలి. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి అని అర్థం. ముద్ర ఉన్న నగలో వన్నె తగ్గినట్లు తేలితే, ఆ తేడా సొమ్ముకు రెట్టింపు, దానితోపాటు పరీక్ష రుసుము కొనుగోలుదారుకు చెల్లించాలని 2018 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

అయితే ఈ చట్టంలో మన ఇళ్లకు సంబంధించిన ఒక పెద్ద సందు మిగిలింది. కుందన్, పోల్కీ, జడావు నగలకు తప్పనిసరి ముద్ర నుంచి మినహాయింపు ఇచ్చారు. హైదరాబాదు పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపించేవి ఈ నగలే. వీటిలో బంగారంతోపాటు రాళ్లు, లక్క కూడా తూకంలోకి వస్తాయి. 50 గ్రాముల జడావు హారంలో 20 గ్రాములు రాళ్లు, లక్కే అనుకుందాం. నికాహ్‌నామాలో '5 తులాల బంగారం' అని రాస్తే, వధువుకు అందింది 3 తులాలే. మిగిలిన 2 తులాలు వరుడి మెడ మీది బాకీ కాదా? కష్టకాలంలో ఆ స్త్రీ నగ అమ్మబోయినప్పుడు గానీ ఈ తేడా బయటపడదు.

ఈ సమస్య కొత్తది కాదు. ఖైబర్ యుద్ధ సమయంలో ఫదాలా బిన్ ఉబైద్ (రజి) బంగారం, పూసలు కలిసిన హారాన్ని 12 దీనార్లకు కొన్నారు. విడదీసి చూస్తే బంగారమే అంతకు మించి ఉంది. సంగతి విన్న దైవప్రవక్త (స), విడదీయకుండా అటువంటిది అమ్మరాదని ఆదేశించారు. ఇక్కడ నష్టపోయింది కొన్నవాడు కాదు, అమ్మినవాడు. న్యాయం ఇరువైపులా ఉండాలన్నదే ఇందులోని పాఠం.

తులం మాటలోనూ జాగ్రత్త అవసరం. బంగారంపై జకాత్‌కు మన ఉలమా చెప్పే ఏడున్నర తులాల నిసాబ్ పాత తులాల లెక్క, అంటే 87.48 గ్రాములు. నేటి బజారులో తులమంటే 10 గ్రాములే. రెండింటినీ కలగలిపితే జకాత్ లెక్క తప్పుతుంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం ధరించే నగలకూ జకాత్ ఉంది గనుక ఈ తేడా గృహిణులు తప్పక గమనించాలి.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. రసీదులో మొత్తం తూకం, నికర బంగారం తూకం, వన్నె, రాళ్ల ధర, మజూరీ విడివిడిగా రాయించుకోవాలి. నికాహ్‌నామాలో తులాలకు బదులు నికర గ్రాములు, కేరట్లు రాయించాలి. ముద్ర ఉన్న నగ సంఖ్యను 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఖాజీలు, మసీదు కమిటీలు ఈ పద్ధతి ప్రారంభిస్తే మేలు. తూకంలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ దివ్యఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ పేరిట ఒక సూరాయే ఉంది. ఆ హెచ్చరిక దుకాణదారుతోపాటు మెహర్ చెల్లించే వరుడికీ వర్తిస్తుంది.