ఆట మన రక్తంలో ఉందట, మరి విజిల్ ఎవరి రక్తంలో ఉంది?

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన పిల్లలకు ఎక్కడ మెడల్ వచ్చినా అందరూ ఒకటే మాట రాస్తారు: "ఆట మన రక్తంలోనే ఉంది." మీట్‌లకొచ్చే ముఖ్య అతిథులు కూడా మైకు పట్టుకుని అదే పాట. కొండలెక్కే కాళ్లంట, పరుగు పుట్టుకతోనే వస్తుందంట. నాకైతే ఈ పొగడ్త వింటే ఒళ్లు మండుతుంది. మరి రూల్ బుక్ ఎవరి రక్తంలో ఉంది? నేను చూసిన మీట్‌లన్నింట్లో మనవాళ్లు ట్రాక్ మీదే ఉన్నారు. స్టార్టర్, రిఫరీ, ఫొటో ఫినిష్ చూసేవాళ్లు అందరూ బయటివాళ్లే. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది, మనం దాని జోలికి పోం.

"ఇంగ్లీషు ఎందుకు తమ్ముడూ, సత్తా ఉంటే చాలు" అనే సీనియర్ అన్నలకు ఒక్కటే అడుగుతున్నా. జ్యోతి యర్రాజీకి సత్తా లేదా? విశాఖ అమ్మాయి, తండ్రి సెక్యూరిటీ గార్డు. 2020 జనవరిలో మూడబిద్రిలో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అయినా లెక్కలోకి రాలేదు. డోప్ టెస్టు జరగలేదు, ఫెడరేషన్ టెక్నికల్ డెలిగేట్ అక్కడ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 చేసింది. ఈసారి గాలి అడ్డమొచ్చింది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటకూడదు, ఆరోజు మీటర్ 2.1 చూపించింది. "విండ్ అసిస్టెడ్" అని పక్కన పెట్టేశారు. కాళ్లు సంపాదించిందాన్ని కాగితం రెండుసార్లు కొట్టేసింది. మే నెలలో సైప్రస్‌లో చేసిన 13.23 మాత్రమే రికార్డయింది. ఆ కాగితం మీద ఉండే మాట "ర్యాటిఫై". అంటే పెద్దలు ఒప్పుకుని ముద్ర వేయడం. ఈ ఒక్క మాట వెనక ఎంత కథ ఉందో చూడండి.

అసలు సంగతి 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జరిగింది. ఫైనల్ స్టార్ట్‌లో పక్క లేన్ చైనా అమ్మాయి వూ యాని ముందే కదిలింది. ఫాల్స్ స్టార్ట్ అని జ్యోతిని కూడా బయటికి పొమ్మన్నారు. ఆమె పోలేదు. అధికారులతో అక్కడే వాదించింది, రీప్లే చూపించమంది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. రేసయ్యాక వూను డిస్‌క్వాలిఫై చేశారు, మూడో స్థానంలో ఉన్న జ్యోతికి వెండి పతకం వచ్చింది. తలొంచుకుని వెళ్లిపోయుంటే? రూల్ బుక్‌లో దీనికి దారి ఉంది: "అండర్ ప్రొటెస్ట్". నా అభ్యంతరం నిలిచే ఉంది, అయినా పరిగెత్తుతా అని. ఆ దారి ఉందని తెలియనివాడికి అది ఉన్నా లేనట్టే.

పోయినేడు ఒక మీట్‌లో మన చెల్లి ఒకామె 400 మీటర్లలో మొదటొచ్చింది. రిజల్ట్ షీట్‌లో పేరు పక్కన "డీక్యూ" అని రెండక్షరాలు. లేన్ తొక్కిందంట. తొక్కిందో లేదో నేను చెప్పలేను, నా గొడవ అది కాదు. ఫలితం ప్రకటించాక 30 నిమిషాల్లోపు ప్రొటెస్ట్ చేయొచ్చని, అథ్లెట్ తానే నోటితో రిఫరీకి చెప్పుకోవచ్చని అక్కడున్న పెద్దలు ఒక్కరూ ఆ పిల్లకు చెప్పలేదు. ఏడ్చుకుంటూ బస్సెక్కింది.

ఇక రెండో రకం వాళ్లు. "రోజుకు ఇరవై అడ్వాన్స్‌డ్ వర్డ్స్" అని పీడీఎఫ్‌లు పంపేవాళ్లు. ఇన్‌ఫాలిబుల్ అంటే ఎన్నడూ తప్పు చేయనిది, ఇంపార్షియల్ అంటే పక్షపాతం లేనిది. బట్టీ కొడతాం, వారం తిరక్కుండా మర్చిపోతాం. మరి కబడ్డీలో రైడ్, లాబీ, బోనస్, డూ ఆర్ డై గూడెంలో ఐదో తరగతి పిల్లాడికి కూడా ఎట్లా వచ్చాయి? ఎవరు బట్టీ పట్టించారు? ఆట మీద తగాదా పడ్డాడు కాబట్టి వచ్చాయి. అదే హాంగ్‌జౌలో కబడ్డీ ఫైనల్ 28-28 దగ్గర పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండా లాబీలోకి వెళ్లాడు, ఇరాన్ డిఫెండర్లు వెంటపడ్డారు. పాత రూలా, కొత్త రూలా అని దాదాపు గంటసేపు ఆట ఆగింది. కండ అందరికీ ఉంది, ఆ గంట నడిచింది మాటల మీదే.

టెక్నాలజీ మాటలంటే కూడా అంత భయమేమీ అక్కర్లేదు. సంతలో చింతపండు తూచేముందు కాటా ముల్లు సున్నా మీద ఉందో లేదో మా అమ్మ వంగి చూస్తుంది. దాన్నే "క్యాలిబ్రేషన్" అంటారు. ఎల్బీడబ్ల్యూ రివ్యూలో బంతి వికెట్టుకు సగం కన్నా తక్కువ తగిలేలా కనిపిస్తే "అంపైర్స్ కాల్" అంటున్నారు కదా. కెమెరా లెక్కకు కూడా కొంచెం అటూ ఇటూ ఉంటుందని ఒప్పుకోవడమే అది. ఆ అటూ ఇటూ పేరు "మార్జిన్ ఆఫ్ ఎర్రర్". 2025లో వింబుల్డన్ లైన్ జడ్జీలను పూర్తిగా తీసేసి కెమెరాలకు అప్పగించింది. ఒక మ్యాచ్‌లో కోర్టు ఒకవైపు సిస్టమ్ ఆఫ్‌లో ఉంది, బంతి బయటపడ్డా "అవుట్" అనే పిలుపు రాలేదు. మనిషి పొరపాటున ఆపేశాడని తర్వాత వాళ్లే చెప్పారు. ఇప్పుడు "ఇన్‌ఫాలిబుల్" మర్చిపొమ్మన్నా మర్చిపోతారా?

యాస చూసి నవ్వుతారంటారా, నవ్వనీయండి. అప్పీల్ రాతలో ఇస్తారు, రాతకు యాస ఉండదు.

మా హాస్టల్‌లో ఆరుగురం శనివారం రాత్రి తిన్నాక వరండాలో కూర్చుంటున్నాం. ఒక వివాదం వీడియో, దానికి సంబంధించిన ఒక రూల్. ముందు కోయలో, లంబాడీలో, తెలుగులో కలగలిపి కొట్లాడుకుంటాం. తర్వాత అదే గొడవను రిఫరీకి రాసినట్టు పది లైన్లు ఇంగ్లీషులో రాస్తాం. మీ హాస్టల్‌లో కూడా మొదలుపెట్టండి. వరల్డ్ అథ్లెటిక్స్ సైట్‌లో రూల్ బుక్ ఉచితంగానే దొరుకుతుంది. టెక్నికల్ రూల్స్‌లో 8వ నంబరు తీయండి, ప్రొటెస్ట్, అప్పీల్ సంగతి అక్కడే ఉంది.