మీరు కట్టిన స్పీకర్ మీకు బాగానే వినిపిస్తుంది.. అందుకే ఒక్కరే కట్టకండి

రివ్యూ సైట్‌లో ఈ మాట అనడం కాస్త తేడాగా ఉంటుంది గానీ అనేస్తున్నా. బాక్స్ మీద రాసిన వాట్లు చూసి స్పీకర్ కొనే అలవాటు నాకు పోయింది రివ్యూలు చదివి కాదు. ఫ్రెండ్‌తో కలిసి ఓ జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఇంట్లో కట్టాక పోయింది.

నాది ఏలూరు, వాడిది తాడేపల్లిగూడెం. వారానికోసారి ఒళ్లో వూఫర్ పెట్టుకుని ప్యాసింజర్ బండిలో భీమడోలు, పుల్ల దాటుకుంటూ గూడెం వెళ్లడం, వచ్చే వారం వాడు ఇటు రావడం. అలా ఐదారు నెలలు సాగింది.

ముందే ఒక క్లారిటీ. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టొద్దు. మిగలదు. డ్రైవర్లు, ప్లైవుడ్, కార్పెంటర్ కోత కూలీ, పాడు చేసుకున్న సామాను అన్నీ కలిపితే మంచి బ్రాండెడ్ జత వచ్చేసేది.

మరి ఎందుకు కట్టాలి? సైన్స్ చాలావరకు రెడీగా ఉంది కాబట్టి. ఒకప్పుడు బాక్స్ సైజు అంటే అనుభవం, అంచనా. ఆస్ట్రేలియా ఇంజినీర్ నెవిల్ థీల్ 1961లో, ఆయన తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని లెక్కలోకి తెచ్చారు. ఇప్పుడు వూఫర్ డేటాషీట్‌లో వాళ్లిద్దరి పేర్ల మీదే కొన్ని నంబర్లు ఉంటాయి. వాటిని విన్‌ఐఎస్‌డీ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఎన్ని లీటర్ల బాక్స్, ఎంత పొడుగు పోర్ట్ అనేది చెప్పేస్తుంది. మా ఆరున్నర అంగుళాల వూఫర్‌కి 15 లీటర్లు, 45 హెర్ట్జ్ ట్యూనింగ్ అని తేలింది. దానికి పోర్ట్ కావాలంటే 5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పీవీసీ పైపు, సుమారు 16 సెంటీమీటర్ల ముక్క. చేపల చెరువుల ఏరియాలో పైపు ముక్కకి కరువా చెప్పండి!

చెక్క దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. ఇంటర్నెట్‌లో అందరూ ఎండీఎఫ్ అంటారు కదాని మొదటి జత దాంతోనే కోయించాం. కొల్లేరు పక్కన మావాడి బాబాయ్ గారికి చెరువు గట్టు మీద షెడ్డు ఉంది. అక్కడ జిగురు పెట్టి, రంగు వేయకుండా వానాకాలంలో వదిలేశాం. తిరిగి వెళ్లి చూస్తే అంచులు నానిన అప్పడాల్లా ఉబ్బిపోయాయి. రెండోసారి ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 ఎంఎం మెరైన్ ప్లై కొన్నాం. రేటెక్కువే, కానీ కొల్లేటి గాలికి అదే కరెక్టు.

అసలు మజా క్రాసోవర్‌లో ఉంది. పై శబ్దాలు వూఫర్‌కి పోకుండా ఒక కాయిల్, కింది శబ్దాలు ట్వీటర్‌కి పోకుండా ఒక కండెన్సర్ ప్రధానంగా ఆపుతాయి. 8 ఓమ్స్ డ్రైవర్లని 2500 హెర్ట్జ్ దగ్గర సెకండ్ ఆర్డర్ లింక్‌విట్జ్-రైలీ పద్ధతిలో విడగొట్టాలంటే పుస్తకం లెక్క ప్రకారం 4 మైక్రోఫారడ్ కండెన్సర్లు, సుమారు 1 మిల్లీహెన్రీ కాయిళ్లు కావాలి. నిజం డ్రైవర్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో 8 ఓమ్స్ ఉండదు, కాబట్టి ఇది మొదలు మాత్రమే, తర్వాత సర్దుకోవాలి. కానీ ఆ 4 అనే అంకె చూసి మావాడు లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, ఇది ఫ్యాన్ కండెన్సర్ రా!" నిజమే. సీలింగ్ ఫ్యాన్‌లో వాడే రన్ కండెన్సర్ పాలీప్రొపిలీన్ రకమే. ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా దొరుకుతుంది. మోటార్ స్టార్ట్ కండెన్సర్ మాత్రం కొనకండి, దాని జాతి వేరు.

కాయిల్ కోసం కైకలూరు వైపు ఒక మోటార్ వైండింగ్ షాపుకెళ్లాం. చెరువుల్లో ఏరేటర్లు తిరిగే చోట కాలిపోయిన మోటార్లకి కొదవుండదు, రాగి తీగ కిలోల లెక్కన అమ్ముతారు. 18 గేజ్ ఎనామెల్ తీగ అడిగితే షాపాయన "ఏ మోటారుకండీ?" అన్నాడు. "మోటారుకి కాదండీ, పాటలకి" అన్నాడు మావాడు. ఆయన మమ్మల్ని ఓ రకంగా చూసి తూచి ఇచ్చాడు. పైపు ముక్క మీద కాస్త ఎక్కువ చుట్లు చుట్టి, మీటర్‌లో 1 వచ్చేదాకా ఒక్కో చుట్టూ విప్పుకుంటూ వచ్చాం.

మొదటిసారి పాట వేసిన రోజు ఇద్దరం ఎగిరి గంతేశాం. రెండు వారాలు కనిపించినవాడికల్లా వినిపించాం. అందరూ "సూపర్ బ్రో" అన్నారు. ఒక ఆదివారం 'మాయాబజార్' పాటలు పెట్టాం. 1957 సినిమా, మోనో రికార్డింగ్. రెండు స్పీకర్లూ ఒకేలా ఉంటే గొంతు సరిగ్గా మధ్యలోంచి రావాలి, అందుకని మంచి టెస్ట్. టీ పట్టుకొచ్చిన వాళ్లమ్మగారు గుమ్మంలోనే ఆగి, "ఘంటసాల దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుందేంట్రా?" అన్నారు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఇద్దరికీ రెండు వారాలుగా ఆ సంగతి తెలుసేమో అనిపించింది నాకు. డబ్బు, నెలల కష్టం పెట్టాక చెవి నిజం చెప్పదు. మనకి కావాల్సింది చెబుతుంది.

తప్పు చిన్నదే. ఈ రకం క్రాసోవర్‌లో కలిసే చోట వూఫర్, ట్వీటర్ సరిగ్గా ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. అందుకే ట్వీటర్ వైర్లు ప్లస్, మైనస్ తారుమారు చేసి కలపాలి. మేము బుద్ధిగా ప్లస్‌కి ప్లస్ కలిపాం. ఫలితంగా 2500 హెర్ట్జ్ చుట్టూ, అంటే గొంతు స్పష్టత ఉండే చోటే, పెద్ద గొయ్యి. అప్పుడు అప్పు తెచ్చుకున్న మెజరింగ్ మైకుతో ఆర్‌ఈడబ్ల్యూలో గ్రాఫ్ తీస్తే గొయ్యి కళ్లకి కనిపించింది. రెండు వైర్లు మార్చాం, ఘంటసాల దుప్పటి తీసేశారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. మావాడు ఫ్యాన్ కండెన్సర్లు తీసేసి విదేశీ ఆడియోఫైల్ కెపాసిటర్లు తెప్పించాడు. డబ్బు వాడిదే. "డీటెయిల్ చూడరా, గాలి ఆడుతోంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది, నిజం చెప్తున్నా. కానీ వాళ్లమ్మగారి మాట ఇంకా చెవిలో ఉంది. ఒక స్పీకర్‌కి స్విచ్ పెట్టి, రెండు రకాల కండెన్సర్లూ మీటర్‌లో ఒకే విలువ వచ్చేవి ఏరి, వాడు దుప్పటికి ఇటు, నేను అటు. నాణెం ఎగరేసి మార్చడం, వాడు చెప్పడం, నేను రాసుకోవడం. పది సార్లకి ఐదు కరెక్ట్. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. నేను కూర్చున్నా తేడా ఏమీ లేదు. వాడు ఆ సాయంత్రం నాతో సరిగ్గా మాట్లాడలేదు. పది సార్లతో ప్రపంచంలో ఎవరికీ తేడా తెలియదని తేలిపోదు, ఒప్పుకుంటా. మాకు తెలియలేదు, అంతే.

అందుకే నా అభిప్రాయం కాస్త గట్టిగా చెప్తున్నా. స్పీకర్ ఒంటరిగా కట్టకండి. కార్పెంటరీకి సాయం కావాలని కాదు. దుప్పటి అవతల కూర్చుని నాణెం ఎగరేసే మనిషి కావాలి. రివ్యూలు రాసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఏది ఇప్పుడు మోగుతోందో తెలిసి, సౌండ్ సమానం చేయకుండా రెండు స్పీకర్లు పోల్చి "దీంట్లో పంచ్ ఎక్కువ" అంటే నేను నమ్మను. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నదే మనకి మంచిదనిపిస్తుంది.

వాట్ల సంగతి కూడా చెప్పేస్తా. మా చిన్న ఆంప్ మీద 50+50 అని ఉంటుంది. దానికి 12 వోల్టుల అడాప్టర్ పెట్టి 8 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే శబ్దం పగలకుండా వచ్చేది ఛానెల్‌కి 9 వాట్లే, ఓమ్స్ లా వేసి మీరే చూసుకోండి. ఆ 9 వాట్లకే పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. ఎందుకంటే పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. స్పీకర్ సెన్సిటివిటీ 84 బదులు 90 ఉంటే పవర్ నాలుగో వంతు చాలు. ఆ నంబర్ చాలా బ్లూటూత్ స్పీకర్ల బాక్స్ మీద కనపడదు, కింద కామెంట్లలో అడిగినా ఎవరూ చెప్పరు. ఫోన్ స్పీకర్‌కి "డీప్ బాస్" అని రాసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. అదే గట్టితనంతో 80 నుంచి 40 హెర్ట్జ్‌కి దిగాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. అంత కదలడానికి ఫోన్‌లో చోటెక్కడ?

వాడు వచ్చే నెల హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్తున్నాడు. జతని చెరొకటి పంచుకోలేం కదా. స్పీకర్లు నా దగ్గరే ఉండాలని తేల్చాం, ఏలూరు తివాచీ పరిచిన మా హాల్లోనే బాగా మోగుతున్నాయి, అది కూడా దుప్పటి కట్టే తేల్చాం. మిగిలిన సగం షీట్ ప్లైవుడ్ వాళ్లింట్లో గోడకి ఆనించి ఉంది. రెండో జత దాంతోనే, సంక్రాంతికి వాడొచ్చినప్పుడు. ఈసారి మైకు ముందే కొన్నాం. ఆ విదేశీ కండెన్సర్లు నాలుగూ అమ్మకానికి ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే.